కాఫీయా, ఫోనా: నిద్ర పట్టకపోవడానికి కారణం ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. సాయంత్రం 5 గంటలకు ఆఫీసులో ఒక కాఫీ తాగుతారు. రాత్రి 11కి పడుకుంటే 12 దాటినా నిద్ర రాదు. కాఫీ మానేశారు, పడక మీద ఫోన్ మానేశారు, పాలల్లో జాజికాయ కూడా వేసుకున్నారు. నాలుగు రోజులు బాగుంది, తర్వాత మళ్ళీ మామూలే. ఈ మూడింట్లో ఏది పనిచేసిందో, ఏది చేయలేదో మీకు మీరే తేల్చుకునే దారి ఉందా అని అడిగారు.

ఉంది. 5 వారాల ఓపిక కావాలి. ఖర్చు ఒక డీకాఫ్ (కెఫీన్ తీసేసిన కాఫీ) సీసా. ఒకే ప్రశ్న పెట్టుకోండి. దానికి రెండే స్థితులు ఉండాలి. ఏ రోజు ఏ స్థితి అన్నది నాణెం నిర్ణయించాలి. కొలిచేది ఒక్కటే ఉండాలి. 10 జతల రోజులు పూర్తయ్యేదాకా లెక్క తీయకూడదు. మిగతాదంతా ఈ ఐదు మాటలు చెడిపోకుండా కాపాడుకోవడమే.

ముందుగా, మీరు చేసిన పద్ధతి ఎందుకు ఏమీ చెప్పలేకపోయిందో చూద్దాం. మూడు మార్పులూ ఒకేసారి చేశారు కాబట్టి మేలు దేనివల్ల జరిగిందో విడదీయలేం, అది మీకూ తెలుసు. అంతకంటే లోతైన చిక్కు ఇంకొకటుంది. మనం ఏ చిట్కా అయినా ఎప్పుడు మొదలుపెడతాం? బాగా విసిగిపోయిన రోజున, అంటే వరసగా రెండు మూడు చెడ్డ రాత్రులు గడిచాక. చెడ్డ రాత్రుల తర్వాత మామూలు రాత్రులు వాటంతటవే వస్తాయి. ఆ సమయానికి పాలల్లో జాజికాయ పడి ఉంటే ఘనత దానికి పోతుంది. జలుబు మందు వేసుకుంటే వారానికి, వేసుకోకపోతే ఏడు రోజులకి తగ్గుతుందనే మాట ఊరికే పుట్టలేదు. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగాయి. పండును కాకే పడేసిందో లేదో తెలియాలంటే కాకి వాలిన రోజులూ వాలని రోజులూ రెండూ కావాలి. ఏ రోజు వాలాలన్నది కూడా మన మనసు చేతిలో ఉండకూడదు.

మూడోది నమ్మకం. కాఫీ మానేశాను, ఈ రాత్రి నిద్ర పడుతుంది అనుకుంటేనే సగం బెంగ తగ్గుతుంది. దీని బలం ఎంతో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు 2020లో ప్రచురించిన శాంసన్ అధ్యయనంలో కనిపిస్తుంది. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే స్టాటిన్ మాత్రలు పడట్లేదని మానేసిన 60 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికీ 12 నెలలు: 4 నెలలు అసలు మాత్ర, 4 నెలలు ఉత్తుత్తి మాత్ర, 4 నెలలు ఏ మాత్రా లేకుండా, అంతా కలగలిపిన వరసలో. మాత్రల సీసా ఇచ్చిన నెలల్లో అందులో ఉన్నది ఏదో వాళ్ళకు తెలియదు. స్టాటిన్ వల్ల వచ్చాయనుకున్న బాధల్లో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. ఆ ఫలితం చూశాక సగం మంది మళ్ళీ మందు మొదలుపెట్టారు. ఆ బాధలు అబద్ధాలు అని దీని అర్థం కాదు. నొప్పి నిజమే, కారణం దగ్గరే పొరపాటు జరిగింది. మీరు చేయబోయేది ఇదే పని, చిన్న ఎత్తున, ఒక్క మనిషి మీద.

ఇక కాఫీ విషయం. 2013లో అమెరికాలో ఒక ప్రయోగంలో పడుకోవడానికి 6 గంటల ముందు 400 మి.గ్రా. కెఫీన్ ఇస్తే నిద్ర గంటకు పైగా తగ్గింది. 400 మి.గ్రా. అంటే చాలా ఎక్కువ. 2 గ్రాముల ఇన్‌స్టంట్ కాఫీ పొడిలో ఉండేది సుమారు 60 మి.గ్రా. కాబట్టి ఆ ఫలితం మీ ఒక్క కప్పు గురించి ఏమీ చెప్పదు. పైగా కెఫీన్ ఒంట్లోంచి పోయే వేగం మనిషికీ మనిషికీ మారుతుంది. సగం పోవడానికి సగటున 5 గంటలు, కొందరికి 2 గంటలే, కొందరికి 9. పొగ తాగేవాళ్ళకి త్వరగా పోతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. అందుకే ఇంకొకరి అనుభవం మీకు పనికిరాదు, మీ ఒంటి మీదే తేల్చుకోవాలి.

పొట్లాలు కట్టడం. ఒకే కంపెనీ మామూలు ఇన్‌స్టంట్ కాఫీ, డీకాఫ్ కాఫీ కొనండి. మీరు ఇంట్లో ఫిల్టర్ కాఫీ తాగేవారైనా ఈ 5 వారాలూ సాయంత్రానికి మాత్రం ఇన్‌స్టంట్‌కి మారండి. రెండు స్థితుల్లోనూ అదే కాబట్టి ఇబ్బంది లేదు. రెండు పొడుల పలుకు, రంగు కాస్త తేడాగా ఉంటాయి. విడివిడిగా పొడి మిక్సీ జారులో ఒక్క తిప్పు తిప్పితే ఒకేలా అవుతాయి. ఒక్కో పొట్లంలో 2 గ్రాముల పొడి, 5 గ్రాముల పంచదార. చెంచా కొలత నమ్మకండి, పలుకును బట్టి మారిపోతుంది. చిన్న డిజిటల్ త్రాసు వాడండి. ఇన్‌స్టంట్ పొడి గాలిలో తేమ పీల్చి గడ్డ కడుతుంది, విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల మరీ త్వరగా. రెండూ ఒకే తీరులో గడ్డ కట్టకపోతే గడ్డ చూసే ఏది ఏదో కనిపెట్టేస్తారు. కాగితం పొట్లాలు వద్దు. జిప్ కవర్లలో పెట్టి, వారానికి నాలుగే కట్టించుకోండి.

ఇదంతా మీ చేత్తో చేయకూడదు. మీ ఆవిడో, అమ్మగారో, రూమ్మేటో చేయాలి. సోమ, మంగళ ఒక జత. బుధ, గురు ఇంకో జత. శుక్ర, శని, ఆదివారాలు లెక్కలోకి రావు, ఆ రోజుల పడక వేళలే వేరు కదా. జతకోసారి నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే మొదటిరోజు అసలు కాఫీ, రెండోరోజు డీకాఫ్. బొరుసు పడితే అటుది ఇటు. పదిసార్లు ఎగరేసేది మొదటిరోజే. ఫలితాలు కాగితం మీద రాసి కవర్లో పెట్టి అంటించేయాలి, పొట్లాల మీద 1 నుంచి 20 దాకా అంకెలు మాత్రమే ఉండాలి. వారం వారం పొట్లాలు కట్టడానికి ఆ కట్టేవారి దగ్గర ఆ జాబితా నకలు ఇంకొకటి ఉంటుంది. అది మీ కంట పడకూడదు. మీరు రోజుకో పొట్లం ఆఫీసుకి తీసుకెళ్ళి 150 మి.లీ. వేడి పాలలో కలుపుకోండి. మధ్యాహ్నం 1 తర్వాత ఇంకే కాఫీ, టీ, కోలా వద్దు.

నాణెం ఎందుకు, రోజు విడిచి రోజు పెట్టుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. మీకు వరస తెలిసిపోతుంది. పైగా సోమవారం మీటింగు, బుధవారం జిమ్ లాంటివి ఆ వరసతో కలిసిపోయి కూర్చుంటాయి.

ఉదయం కాఫీ అలవాటు మార్చకండి. అంటే మానొద్దు, పెంచొద్దు, రోజూ తాగేంతే తాగండి. అలవాటైన ఒంటికి కెఫీన్ పూర్తిగా ఆపేస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. అప్పుడు మీరు కొలిచేది తలనొప్పి రాత్రిని. సాయంత్రం కప్పు సంగతికొస్తే, 5 గంటలకు తాగిన 60 మి.గ్రా.లో రాత్రి 11కి సుమారు 26 మిగులుతాయి, మర్నాడు సాయంత్రం 5కి 2 మాత్రమే. అందుకే పక్కపక్క రోజుల్లో పోల్చినా పాత కెఫీన్ కొత్తదానితో కలవదు.

మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం ఉదయం రుచి పరీక్ష చేయండి. 30 మి.లీ. చొప్పున 8 చిన్న గ్లాసులు, 4 అసలు, 4 డీకాఫ్, కలగలిపి పెట్టాలి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ ఒకావిడకి టీతో పెట్టిన పరీక్ష ఇదే: పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా చెప్పాలి. ఎనిమిదింట్లో నాలుగు ఎంచడానికి 70 దారులున్నాయి, కాబట్టి గుడ్డిగా నాలుగూ సరిగ్గా పట్టే అవకాశం 70లో 1. మీరు నాలుగూ పట్టేశారంటే మీ నాలుక మోసపోదు. అప్పుడు రెండు పొడుల్లోనూ సమానంగా చికోరీ కలపండి, దానిలో కెఫీన్ ఉండదు. లేదా పంచదార కాస్త పెంచి మళ్ళీ చూడండి. ప్రయోగం నడుస్తున్నప్పుడు కూడా రోజూ పడుకునే ముందు ఈ రోజు ఏది తాగానో ఊహించి ఒక్క మాట రాయండి. 20లో 15 లేదా అంతకంటే ఎక్కువ సరైతే ముసుగు తొలగిపోయినట్టే. ఫలితాన్ని ఆ మేరకు తక్కువ నమ్మాలి. డీకాఫ్‌లో కూడా కప్పుకి కొద్ది మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

కొలత ఒక్కటే: దీపం ఆర్పాక నిద్ర పట్టడానికి ఎన్ని నిమిషాలు. ఉదయం లేచిన అరగంటలోపు, దగ్గరి 5 నిమిషాలకి సవరించి, నోటుబుక్కులో రాయండి. రాత్రి గడియారం చూడకూడదు. ఎన్ని నిమిషాలైందో చూసుకోవడమే నిద్రను తరిమేస్తుంది. అందుకే ఫోన్ తల దగ్గర కాక వేరే గదిలో ఉండాలి, అలారానికి మామూలు గడియారం చాలు. చేతికి కట్టుకునే బ్యాండును ఈ పనికి నేను సిఫారసు చేయను. కదలకుండా పడుకుని మెలకువగా ఉన్న సమయాన్ని అది తరచూ నిద్రగా లెక్కేస్తుంది, మీ సమస్య సరిగ్గా ఆ సమయమే. మీ అంచనా కచ్చితం కాకపోవచ్చు. అయినా రెండు స్థితుల్లోనూ అదే తీరులో తప్పుతుంది కాబట్టి తేడా మిగులుతుంది. ఉదయం హుషారు, మధ్యలో మెలకువలు రాసుకుంటానంటే రాసుకోండి, తీర్పు మాత్రం ఆ ఒక్క అంకె మీదే. పది కొలతలు పెట్టుకుంటే ఏదో ఒకటి ఎటోవైపు తేడా చూపించి తీరుతుంది.

మొదటి పొట్లం విప్పే ముందే మూడు సంగతులు తేదీ వేసి రాసిపెట్టుకోండి. ఎంత తేడా ఉంటే మీకు లెక్కలోకి వస్తుంది? 15 నిమిషాల కంటే తక్కువైతే సాయంత్రం కాఫీ మానడం దండగ అనిపిస్తే 15 అని రాయండి. ఏ రోజును కొట్టేస్తారు? రాత్రి డ్యూటీ, ప్రయాణం, జ్వరం, ఇంట్లో శుభకార్యం లాంటివి. అవి వస్తే ఆ జత మొత్తం రద్దు, చివర్లో కొత్త నాణెంతో మళ్ళీ చేయాలి. ఆ నిర్ణయం ఆ రాత్రి పడుకోకముందే జరగాలి. పొద్దున్నే 90 నిమిషాలు అని రాసుకున్నాక, నిన్న దోమలు ఎక్కువ కదా, ఈ రోజు వద్దులే అనడం మొదలైతే ప్రయోగం అక్కడితో సరి. ఇలా చేతికొచ్చిన లెక్కను మనసుకి నచ్చేలా దిద్దుకోవడం వల్ల చెడినన్ని ప్రయోగాలు ఇంకే కారణం వల్లా చెడవు. మూడోది, ఎప్పుడు ఆపుతారు? 10 జతలకి. నాలుగో జత దగ్గర అంకెలు బాగా కనబడుతున్నాయని ఆపితే అది మళ్ళీ కాకి, తాటిపండు కథే.

లెక్కకి కంప్యూటరు అక్కర్లేదు. కవరు విప్పి, జతలవారీగా అసలు కాఫీ రాత్రి నిమిషాల్లోంచి డీకాఫ్ రాత్రి నిమిషాలు తీసేయండి. ఉదాహరణకి ఇలా వచ్చాయనుకుందాం: +25, +10, +40, −5, +20, +15, +30, 0, +20, +35. సున్నాను పక్కన పెడితే 9 జతల్లో 8 ఒకే వైపు మొగ్గాయి. కాఫీ ప్రభావం ఏమీ లేకపోయినా 9లో 8 లేదా 9 కాఫీ వైపే పడే అవకాశం 512లో 10, అంటే వందకి 2. ఎటువైపైనా అని లెక్కేస్తే వందకి 4. తేడాలన్నీ వరసలో పెడితే నడిమిది 20 నిమిషాలు, మీరు రాసుకున్న 15 కంటే ఎక్కువ. ఇలా వస్తే సాయంత్రం కాఫీ మీకు పడట్లేదని నేను ఒప్పుకుంటాను. 10 జతలూ లెక్కలోకి వస్తే 9 ఒకే వైపు ఉండాలి, 8 ఉంటే ఇంకా అనుమానమే. 5, 6 అయితే కాఫీ మీద అనుమానం వదిలేసి వేరే కారణం వెతకండి.

ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. రాత్రి సరిగ్గా నిద్ర లేకపోతే మర్నాడు త్వరగా కునుకు పడుతుంది. కాబట్టి కాఫీ ముందు, డీకాఫ్ తర్వాత వచ్చిన జతల్లో డీకాఫ్‌కి ఉచితంగా కొన్ని మార్కులు పడతాయి. అందుకే రెండు రకాల జతల్నీ విడివిడిగా చూడండి. డీకాఫ్ ముందు వచ్చిన జతల్లోనూ తేడా కనిపిస్తే గట్టి ఫలితం. కాఫీ ముందు వచ్చిన జతల్లోనే కనిపిస్తే అది పాత నిద్ర బాకీ చేసిన పని కావచ్చు. ఏడు రోజులూ ఒకే వేళకి లేస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

మరి ఫోన్ సంగతి? అదే 20 రాత్రుల్లో దాన్నీ తేల్చొచ్చు. వారానికి నాలుగు చీటీలు: (1) అసలు కాఫీ, ఫోన్ ఉంది; (2) అసలు కాఫీ, ఫోన్ లేదు; (3) డీకాఫ్, ఫోన్ ఉంది; (4) డీకాఫ్, ఫోన్ లేదు. స్టీలు గ్లాసులో వేసి సోమవారం నుంచి గురువారం దాకా పొట్లాలు కట్టేవారే ఒక్కొక్కటే తీయాలి. పొట్లం మీద ఫోన్ సంగతి మాత్రమే రాయించండి, కాఫీ సంగతి దాచాలి. ఫోన్ ఉన్న రోజున కూడా 11కి దాన్ని పక్క గదిలో పెట్టేయాలి, పడక మీద చూసేది అంతకు ముందు 30 నిమిషాలే. చివర్లో ఫోన్ ఉన్న రెండు రోజులు ఒక జత, లేని రెండు రోజులు ఒక జత, అలా కాఫీకి 10 జతలు. అటు తిప్పి చూస్తే ఫోన్‌కీ 10 జతలు. తక్కువ ప్రయత్నాలతో ఎక్కువ కారణాలను తూచే ఈ దారిని చాలా దూరం తీసుకెళ్ళినవారిలో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు ఒకరు. 1940ల్లో ఆయన రూపొందించిన ఆర్థోగోనల్ ఎర్రేలను (ఏ ప్రయత్నంలో ఏయే మార్పులు కలపాలో చెప్పే పట్టికలను) ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ వాడతారు. అయితే ఫోన్‌కి ముసుగు వేయలేం, చూశారో లేదో మీకు తెలుస్తూనే ఉంటుంది. కాబట్టి ఫోన్ ఫలితంలో నమ్మకం పాలు ఎంతో విడదీయలేరు. మొదటిసారి చేస్తున్నవారికి నా సలహా ఒక్క కాఫీతోనే మొదలుపెట్టమని.

ఈ నాణెం పద్ధతి అన్నిటికీ సరిపోదు. మార్పు చేసిన రోజే ఫలితం కనిపించి, మానేస్తే పోయేవాటికే సరిపోతుంది. పాలు పడుతున్నాయా లేదా అన్నది దీనితో బాగా తేలుతుంది: 250 మి.లీ. మామూలు పాలు, 250 మి.లీ. లాక్టోజ్ తీసేసిన పాలు. రెండోది కాస్త తియ్యగా ఉంటుంది, అందులోని చక్కెర ముందే విడిపోయి ఉంటుంది కదా. అందుకని రెండింట్లోనూ పంచదార వేసి ఆ తేడా కప్పేయాలి. జుట్టు నూనె, బరువు తగ్గడం, బి12 లాంటివి నెలలు పట్టే వ్యవహారాలు, జతల రోజులతో అవి తేలవు. చర్మానికి రాసే క్రీమ్ అయితే రోజులకు బదులు చేతుల్ని పంచండి, నాణెం చెప్పిన చేతికి రాయండి, రెండోది వదిలేయండి.

చదువు ఇంకో రకం. నేర్చుకున్నది తిరిగి మరచి మొదటికి రాలేం. గ్రూప్-2కి చదివేవాళ్ళు చదివిందే మళ్ళీ చదవడం మేలా, పుస్తకం మూసి తమను తాము ప్రశ్నించుకోవడం మేలా అని అడుగుతుంటారు. అక్కడ రోజుల్ని కాక ప్రశ్నల్ని పంచాలి. 40 అంశాలు చీటీల మీద రాసి కలిపి, 20 ఒక పద్ధతికి, 20 రెండో పద్ధతికి. రెండింటికీ సమానంగా 30 నిమిషాలు. పరీక్ష 7 రోజుల తర్వాత పెట్టుకోండి, అదే రోజు పెడితే మళ్ళీ చదివినవే బాగా గుర్తున్నట్టు కనబడి మోసం చేస్తాయి.

చివరగా, దయచేసి గట్టిగా పట్టించుకోండి. బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్, మనసుకి సంబంధించిన మందులతో నాణెం ఆటలు వద్దే వద్దు. వాటి మీద అనుమానం ఉంటే డాక్టరుగారితో మాట్లాడి, ఆయన పర్యవేక్షణలోనే చేయాలి. తింటే దద్దుర్లు, ఊపిరాడకపోవడం వచ్చిన పదార్థాన్ని కూడా ఇంట్లో మళ్ళీ పరీక్షించకండి. మీ విషయానికొస్తే, వారానికి మూడు రాత్రులు లేదా అంతకంటే ఎక్కువ నిద్ర పట్టక ఇప్పటికే మూడు నెలలు దాటి ఉంటే, లేదా గట్టిగా గురక, పగలు కూర్చున్నచోటే కునుకు ఉంటే, పొట్లాలు కట్టించుకునే ముందే డాక్టరుని కలవండి. వెళ్ళేటప్పుడు రెండు వారాల నిద్ర నోటుబుక్కు తీసుకెళ్ళండి: పడుకున్న వేళ, నిద్ర పట్టడానికి పట్టిన నిమిషాలు, మెలకువలు, లేచిన వేళ. వాళ్ళు మొదట అడిగేవి ఈ వివరాలే.